చెక్క పడవల పని: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

కాకినాడ దగ్గర కోరంగి, తాళ్లరేవు వైపు కాలవ గట్టు మీద నడుస్తుంటే ఎండలో బోర్లించిన పాత చెక్క పడవలు కనిపిస్తాయి. "ఇంకేముంది, పొయ్యిలోకే" అని దారిన పోయేవాళ్లు అనేస్తారు. ఒకప్పుడు ఇక్కడ సముద్రం దాటే ఓడలు కట్టేవారు. బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడివాళ్లు 'కోరంగీలు' అని పిలిచారంటే ఈ రేవు పేరు ఎంత దూరం పోయిందో చూడండి. 1789, 1839 తుఫాన్లు ఆ రేవును దెబ్బతీశాయి గానీ పని మాత్రం చేతుల్లో మిగిలింది. నేను పడవలు కడతాను, పాతవి బాగుచేస్తాను, కుర్రాళ్లకు నేర్పుతాను. ఈ పని గురించి జనం నమ్మే కొన్ని మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ఇది వంశపారంపర్యం. ఆ ఇళ్లలో పుట్టినవాళ్లకే వస్తుంది.

వాస్తవం: ఆ ఇళ్లలో పుడితే చిన్నప్పటి నుంచీ చూస్తారు కాబట్టి త్వరగా వస్తుంది, అంతే. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో ది అప్రెంటిస్‌షాప్ అనే చోట 1972 నుంచి, వాషింగ్టన్ రాష్ట్రంలోని పడవల బడిలో 1981 నుంచి ఏ నేపథ్యమూ లేనివాళ్లకు ఈ పని నేర్పుతున్నారు. మా దగ్గర మొదటి నెలంతా ఉలి, బాడిస పదును పెట్టడమే. చాలామందికి ఇక్కడే విసుగొస్తుంది. ఆ తర్వాత బద్ద పాఠం. సన్నని పొడుగాటి బద్దను పడవ పక్కటెముకల మీదుగా వంచి ఆనిస్తాం. బద్దకీ చెక్కకీ మధ్య సందు కనిపిస్తే అక్కడ చెక్క తక్కువైనట్టు, బద్ద ఎగదన్నితే ఎక్కువైనట్టు. బీటెక్ చదివి, ఉద్యోగం మానేసి వచ్చిన ఒకమ్మాయి మూడో నెలలో కళ్లు మూసుకుని అరచేత్తో తడుముతూ, "ఇక్కడ బియ్యపుగింజంత ఎత్తుంది మావయ్యా" అంది. బద్ద పెట్టి చూస్తే నిజమే. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అపోహ: కంటిచూపుతో కట్టేస్తారు, లెక్కాపత్రం ఉండదు.

వాస్తవం: లెక్క ఉంటుంది, కాగితం మీద ఉండదు. అడుగు దూలం పొడవును బట్టి వెడల్పు, వెడల్పును బట్టి లోతు, ముక్కు ఎంత లేవాలో అన్నీ పెద్ద మేస్త్రి నోట్లో ఉంటాయి. నా భయమల్లా అదే. ఆయన పోతే లెక్క కూడా ఆయనతోనే పోతుంది. అందుకే మా పిల్లలు పాత పడవ దగ్గరికి వెళ్తే సుత్తి తీయకముందే గుండుదారం, మట్టపు గొట్టం, టేపు తీస్తారు. అడుగు అడుగుకీ కొలిచి, గళ్ల కాగితం మీద గీస్తారు.

అపోహ: నీళ్లు కారుతున్న పడవకి సందుల్లో సిమెంటో గట్టి పుట్టీయో దట్టించేస్తే సరి.

వాస్తవం: చెక్క ఎండితే కుదించుకుపోతుంది, నానితే ఉబ్బుతుంది. వేసవంతా గట్టు మీదున్న పడవ నీళ్లలోకి దిగిన మొదటి రెండు మూడు రోజులు కారడం మామూలే. నానాక పలకలు ఒకదాన్నొకటి బిగించుకుంటాయి. ఎండిన సందులో గట్టి పదార్థం నింపారనుకోండి, ఉబ్బే పలకకి చోటుండదు. మేకులు ఊడొస్తాయి, ఒక్కోసారి పక్కటెముకే పగులుతుంది. నూలో నారో మెత్తగా కూరి, నూనెతో కాచిన గుగ్గిలం పూస్తే అది చెక్కతో పాటు కదులుతుంది. ఎంత కూరాలో చెయ్యి మీద నేర్చుకోవాల్సిందే, పుస్తకంలో దొరకదు.

పాత పడవ మీద ఫైబర్ కప్పించేవాళ్లకీ ఇదే మాట. లోపల తడి ఇరుక్కుపోయి, పైకి నిగనిగలాడుతూనే లోపల పొడైపోతుంది.

అపోహ: ఉప్పునీళ్లే చెక్కని కుళ్లబెడతాయి.

వాస్తవం: కుళ్లబెట్టేది బూజు. దానికి తడీ గాలీ రెండూ కావాలి. ఉప్పు దానికి పడదు. పడవ అడుగున నిలిచే వాననీళ్లే అసలు శత్రువు. సముద్రంలో భయపడాల్సింది చెక్క తొలిచే పురుగుకి. పురుగంటాం గానీ అది ఆల్చిప్పల జాతిది.

అపోహ: మేకులు లేని పడవ సముద్రంలో నిలవదు.

వాస్తవం: మన తీరంలో అలల మీద తిరిగిన మసూలా పడవల పలకల్ని కొబ్బరి తాడుతోనే కుట్టేవారు. అల కొడితే అవి విరక్కుండా కొంచెం వంగి సర్దుకునేవి. అజంతా చిత్రంలోని ఓడను చూసి, కేరళ మేస్త్రి బాబు శంకరన్ బృందం అదే కుట్టు పద్ధతిలో కట్టిన ఐఎన్ఎస్‌వీ కౌండిన్య 2025 మే నెలలో నౌకాదళంలో చేరింది. దానికి ఇంజనే లేదు. అదే ఏడాది డిసెంబరులో పోర్‌బందర్ నుంచి మస్కట్‌కు తెరచాపలతోనే బయల్దేరింది.

అపోహ: పాత పడవ బాగుచేయడమంటే కుళ్లిన పలక పీకి కొత్తది కొట్టడమే.

వాస్తవం: నేర్చుకునే రోజుల్లో నేనూ అలాగే అనుకున్నాను. ఒక చేపల పడవకి ఒక పక్క నాలుగు పలకలూ ఒకేసారి విప్పేశాను, కింద సరైన ఆపులు కూడా పెట్టలేదు. పొద్దున వచ్చి చూస్తే ఆ పక్క అంచు రెండంగుళాలు బయటికి తెరుచుకుంది. అది గమనించకుండా కొత్త పలకలు బిగించాను. నీళ్లలోకి దింపాక ఆ పడవ ఎప్పుడూ ఒక పక్కకే లాగేది. యజమాని నన్ను ఒక్క మాట అనలేదు. చుక్కాని మీద నా చెయ్యి పెట్టి, "చూడు బాబూ" అన్నాడు. ఇప్పటికీ బాధేస్తుంది.

అందుకే ముందు రూపం చెదరకుండా చుట్టూ ఆపులు పెట్టాలి. ఒక పలక వదిలి ఒక పలక తీయాలి. మంచి చెక్కని వీలైనంత ఉంచాలి, కుళ్లిన మేరకే కోసి అతకాలి. బొంబాయిలో ఓడలు కట్టే వాడియా కుటుంబంవాళ్లు టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక 1817లో నీళ్లలోకి దిగింది. ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో ఏళ్ల తరబడి అలాగే ఓపిగ్గా బాగుచేశారు, ఇప్పటికీ నీళ్ల మీదే తేలుతోంది.

మేం కొత్తగా వేసే ప్రతి ముక్కకీ లోపలి వైపు, కంటికి ఆనని చోట, ఉలితో ఆ సంవత్సరం చెక్కుతాం. ఇంకో నలభై ఏళ్లకు ఈ పడవని విప్పే మనిషికి ఏది పాతదో, ఏది మేం వేసిందో తెలియాలి కదా.