సోర్స్ ట్రాన్స్‌ఫర్మేషన్: అపోహలు - వాస్తవాలు

నెట్‌వర్క్ థియరీ జవాబు పత్రాలు దిద్దేవారికి తెలిసిన సంగతే: రెసిస్టర్‌తో శ్రేణిలో ఉన్న వోల్టేజి సోర్స్‌ను అదే రెసిస్టర్‌తో సమాంతరంగా ఉన్న కరెంట్ సోర్స్‌గా, లేదా దాన్ని ఇలాగా మార్చే ఈ పద్ధతిలో సూత్రం (వోల్టేజి = కరెంట్ × రెసిస్టెన్స్) తప్పు రాసేవారు అరుదు, అది ఎంతవరకు చెల్లుతుందో మరచిపోయేవారే ఎక్కువ.

అపోహ: మార్చిన తర్వాత రెండు సర్క్యూట్లూ అన్నివిధాలా ఒకటే.

వాస్తవం: టెర్మినళ్లకు (మిగతా సర్క్యూట్‌ను కలిపే రెండు చివరలకు) బయట ఉన్న భాగానికి మాత్రమే అవి సమానం. 12 వోల్టుల సోర్స్‌కు శ్రేణిలో 4 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే, దాని బదులు 3 ఆంపియర్ల కరెంట్ సోర్స్‌ను, దానికి సమాంతరంగా అదే 4 ఓమ్‌లను పెట్టవచ్చు. 2 ఓమ్‌ల లోడ్ కలిపితే రెండింటిలోనూ లోడ్‌లో 2 ఆంపియర్లే ప్రవహిస్తాయి, లోడ్‌కు 8 వాట్లే అందుతాయి. అయితే 4 ఓమ్‌ల రెసిస్టర్‌లో మొదటి సర్క్యూట్‌లో 16 వాట్లు ఖర్చయితే, రెండోదానిలో 4 వాట్లే ఖర్చవుతాయి. లోడ్‌ను తీసేస్తే మొదటిదానిలో ఖర్చు సున్నా, రెండోదానిలో ఏకంగా 36 వాట్లు! కాబట్టి ప్రశ్న ఆ 4 ఓమ్‌లలోని పవర్ గురించే అయితే, టెర్మినల్ వోల్టేజి 4 వోల్టులని తేల్చుకున్నాక అసలు సర్క్యూట్‌కు తిరిగి వచ్చి, రెసిస్టర్‌పై మిగిలే 8 వోల్టులతో లెక్క కట్టాలి.

అపోహ: సోర్స్ పక్కన ఏ రెసిస్టర్ కనిపించినా మార్చేయవచ్చు.

వాస్తవం: వోల్టేజి సోర్స్‌కు శ్రేణిలో, కరెంట్ సోర్స్‌కు సమాంతరంగా ఉన్న రెసిస్టర్‌తోనే ఈ మార్పు కుదురుతుంది. ఆదర్శ వోల్టేజి సోర్స్‌కు (ఎంత కరెంట్ తీసుకున్నా వోల్టేజి మారనిదానికి) సమాంతరంగా ఉన్న రెసిస్టర్ మిగతా సర్క్యూట్‌పై ఏ ప్రభావమూ చూపదు కనుక, సోర్స్ ఇచ్చే కరెంట్‌ను అడగనంతవరకు దాన్ని తొలగించి ముందుకు సాగవచ్చు. తొందరలో ఉన్నవారు సరిగ్గా దాన్నే పట్టుకుని మార్చబోతారు.

అపోహ: డిపెండెంట్ సోర్స్‌లను (సర్క్యూట్‌లో మరోచోటి కరెంట్ లేదా వోల్టేజిపై విలువ ఆధారపడేవాటిని) మార్చకూడదు.

వాస్తవం: నిరభ్యంతరంగా మార్చవచ్చు. ఆ సోర్స్‌ను నియంత్రించే కరెంట్ గానీ వోల్టేజి గానీ మనం మారుస్తున్న భాగంలోనే ఉంటే మాత్రం ఆగాలి, ఎందుకంటే మార్పు తర్వాత ఆ రాశి సర్క్యూట్‌లో కనిపించదు.

అపోహ: బాణం దిశ మన ఇష్టం.

వాస్తవం: కాదు. కరెంట్ సోర్స్ బాణం, వోల్టేజి సోర్స్ ధన ధ్రువం ఉన్న టెర్మినల్ వైపే చూడాలి.

అపోహ: ఇది డీసీకే పరిమితం.

వాస్తవం: ఏసీలో రెసిస్టర్ స్థానంలో ఇంపిడెన్స్ (ఏసీ ప్రవాహానికి ఎదురయ్యే మొత్తం నిరోధం) వస్తుంది, అంతే. 100∠0° వోల్టులకు (∠ తర్వాత ఉన్నది ఫేజ్ కోణం) శ్రేణిలో 3+జె4 ఓమ్‌లు ఉంటే, కరెంట్ సోర్స్ విలువ 20∠−53.13° ఆంపియర్లు. వేర్వేరు ఫ్రీక్వెన్సీల సోర్స్‌లు ఉన్నప్పుడు మాత్రం ఇంపిడెన్స్ ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది గనుక, ముందు సూపర్‌పొజిషన్‌తో (ఒక్కో సోర్స్ ప్రభావాన్ని విడిగా లెక్కించి కలిపే పద్ధతితో) వాటిని విడదీసుకోవాలి.