క్యాన్సర్ వచ్చినా కిడ్నీని మిగల్చడం: ఈ పద్ధతి ఎలా వచ్చింది?

కిడ్నీలో మూత్రం పోగయ్యే గరాటులాంటి భాగంలో గానీ, అక్కడి నుంచి మూత్రాశయానికి దిగే యురేటర్‌లో గానీ క్యాన్సర్ కనిపిస్తే కిడ్నీనీ యురేటర్‌నీ మొత్తంగా, అది మూత్రాశయంలో కలిసేచోటి అంచుతో సహా తీసేయాలన్నది దశాబ్దాల పాటు మారని నియమం. అది మొండితనం కాదు. యురేటర్ గోడ మూత్రాశయం గోడకన్నా బాగా పల్చన, గడ్డ కండరంలోకి దిగడానికి ఎక్కువ కాలం పట్టదు. పైగా కోయకుండా లోపల చూసే సాధనం అప్పట్లో లేదు.

మొదట్లో కిడ్నీని మిగిల్చింది గత్యంతరం లేకే. ఉన్నదే ఒక్క కిడ్నీ అయినవాళ్లకు దాన్ని తీసేస్తే మిగిలేది డయాలసిసే. డాన్యూబ్ ఉపనదుల వెంట బాల్కన్ పల్లెల్లో ఈ చిక్కు మరీ ఎక్కువ. గోధుమలో కలిసిన అరిస్టొలోకియా కలుపు గింజల విషం అక్కడ కిడ్నీలను పాడుచేయడమే కాక ఈ క్యాన్సర్‌నూ తెచ్చిపెట్టింది, కొందరికి రెండువైపులా. అందుకే అక్కడి సర్జన్లు గడ్డ ఉన్నంత మేర కోసి, మిగతాది కలిపి కుట్టడం ముందే అలవాటు చేసుకున్నారు.

మార్పు తెచ్చింది స్కోపు, అంటే మూత్రదారిలోంచి లోపలికి పంపి చూసే సన్నని గొట్టం. 1912లో హ్యూ హాంప్టన్ యంగ్ అనే అమెరికన్ సర్జన్ ఒక పిల్లవాడి ఉబ్బిన యురేటర్‌లోకి సిస్టోస్కోపు (మూత్రాశయం చూసే స్కోపు) పోనిచ్చాడు. 1964లో మార్షల్ అనే డాక్టరు వాడిన ఫైబర్ స్కోపు వంగేదే గానీ, దాన్ని కావలసిన వైపు తిప్పే వీలు లేదు. 1980లలో కొన తిప్పగలిగే స్కోపులు వచ్చాక కిడ్నీ మూలలు కూడా అందాయి. నేటి స్కోపు మందం సుమారు 3 మిల్లీమీటర్లు. గడ్డను కాల్చే లేజర్ల సంగతీ అంతే: పాత రకమైన నియోడిమియం యాగ్ లేజర్ వేడి 5 మిల్లీమీటర్ల లోతుకు పోయి యురేటర్‌ను బిగించేసేది. తర్వాతి హోల్మియం లేజర్ వేడి అర మిల్లీమీటరు లోపే ఆగుతుంది.

అసలు తలనొప్పి గడ్డ ముక్క తీసి పరీక్షించే బయాప్సీతో. ఇంత సన్నని దారిలో పట్టే చిమటా గోటి కొనంత ముక్క కూడా తేలేదు. గ్రేడ్ (కణాలు ఎంత దూకుడుగా ఉన్నాయో) తెలియవచ్చు, గోడలోకి ఎంత దిగిందో మాత్రం తెలియదు. తక్కువ గ్రేడ్ అని రాసిన గడ్డ తీశాక ఎక్కువ గ్రేడ్‌గా తేలిన సందర్భాలు తక్కువేమీ కాదు. అందుకే ఎవరి కిడ్నీ మిగల్చవచ్చో తేల్చడానికి యూరోపియన్ అసోసియేషన్ ఆఫ్ యూరాలజీ ఒక్క గుర్తు మీద ఆధారపడదు. గడ్డ ఒక్కటే ఉండాలి, 2 సెంటీమీటర్లు దాటకూడదు, బయాప్సీలో తక్కువ గ్రేడ్ రావాలి, మూత్రంలో ఎక్కువ గ్రేడ్ కణాలు ఉండకూడదు, సీటీ స్కాన్‌లో గడ్డ గోడలోకి చొచ్చుకుపోయిన జాడ కనిపించకూడదు. లేజర్ చేసిన 8 వారాల లోపే మళ్లీ స్కోపు వేసి చూడాలి. మొదటిసారి మిగిలిపోయింది అప్పుడే దొరుకుతుంది.

కిడ్నీని కాపాడడానికి ఇంకో లెక్క కూడా ఉంది. రేపు జబ్బు ముదిరితే ఇవ్వాల్సిన సిస్‌ప్లాటిన్ అనే కీమో మందుకు కిడ్నీ పనితీరు బాగుండాలి. ఒక కిడ్నీ పోయినవాళ్లలో చాలామందికి ఆ అర్హత పోతుంది.

స్కోపు అందని మూలల కోసం మైటోమైసిన్ అనే క్యాన్సర్ మందు కలిపిన జెల్ వచ్చింది. చల్లగా ఉంటే ద్రవం, ఒంటి వేడికి గట్టిపడి కొన్ని గంటలపాటు మూత్రంలో నెమ్మదిగా కరుగుతుంది. వారానికోసారి చొప్పున 6 సార్లు కిడ్నీలోకి ఎక్కిస్తారు. 71 మందిపై జరిగిన పరీక్షలో 42 మందికి గడ్డ పూర్తిగా పోయింది. 2020 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. అయితే అదే పరీక్షలో యురేటర్ బిగుసుకుపోవడం చాలామందిలో కనిపించింది. అలాంటివాళ్లకు యురేటర్‌ను తెరిచి ఉంచే సన్నని గొట్టం (స్టెంట్) వేయాల్సి రావచ్చు. నిఘా కూడా అయిదేళ్లపాటు తప్పదు, గడ్డ తిరిగొస్తే ఎక్కువగా అదే వైపు గానీ మూత్రాశయంలో గానీ వస్తుంది కాబట్టి. పిలిచినప్పుడల్లా స్కోపుకు రాలేనివారికి ఈ దారి చూపకపోవడమే మంచిది.