బేస్64లో పెట్టినంత మాత్రాన దాచినట్టు కాదు: ఎన్‌కోడింగ్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: పాస్‌వర్డ్‌ని బేస్64లోకి (ఏ డేటానైనా 64 మామూలు గుర్తులతో రాసే పద్ధతి) మార్చేశాం, ఇక ఎవరూ చదవలేరు.

వాస్తవం: కోడ్ రివ్యూల్లో నాకు తరచూ తగిలేది ఇదే. కాన్ఫిగ్ ఫైల్లో అర్థంకాని అక్షరాల వరుస, పక్కన 'ఎన్‌క్రిప్టెడ్' (రహస్య కీతో తాళం వేసినది) అని కామెంట్! టెర్మినల్లో ఒక్క కమాండ్ కొడితే అసలు పాస్‌వర్డ్ బయటికొచ్చేస్తుంది. బేస్64కి కీ అంటూ ఏదీ లేదు, దాని పట్టిక అందరికీ తెలిసిందే. అక్షరాలు మాత్రమే పంపగల చోట్ల, మెయిల్ అటాచ్‌మెంట్ల లాంటివి చెడిపోకుండా వెళ్లడానికి దీన్ని వాడతారు. మనం రోజూ వాడే జేడబ్ల్యూటీ టోకెన్ (లాగిన్ అయ్యాక సర్వర్ ఇచ్చే గుర్తింపు చీటీ లాంటిది) మధ్య భాగమూ ఇంతే. దాని సంతకం చూసి ఎవరైనా మార్చారేమో కనిపెట్టొచ్చు గానీ, చదవకుండా ఆపలేం. అందులో ఆధార్ నంబర్ పెట్టేవాళ్లను చూస్తే నాకు టెన్షన్.

అపోహ: ఎన్‌కోడ్ చేస్తే సైజు తగ్గుతుంది.

వాస్తవం: పెరుగుతుంది. ప్రతి 3 బైట్లకూ 4 అక్షరాలు, అంటే సుమారు 33 శాతం అదనం.

అపోహ: తెలుగు ఇస్తే ఈ టూల్స్ పనిచేయవు.

వాస్తవం: బేస్64కి భాషతో పనిలేదు, దానికి కావాల్సింది బైట్లు. బ్రౌజర్‌లో బేస్64లోకి మార్చే బీటీఓఏ ఫంక్షన్‌కి నేరుగా తెలుగు ఇస్తే ఎర్రర్ వస్తుంది; ముందు యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే పద్ధతి) బైట్లుగా మార్చి ఇవ్వాలి. అందులో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకి తలా 3 బైట్లు. 'తెలుగు'లో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి 6. అంటే 18 బైట్లు, బేస్64లో 24 అక్షరాలు. మూడుతో సరిగ్గా భాగం పోతుంది కాబట్టి చివర ఖాళీ నింపడానికి పెట్టే సమానం గుర్తు (=) రాదు. పైగా ప్రతి నాలుగక్షరాల ముక్కా 4తో మొదలై, తర్వాత పెద్ద ఎల్, ఆపైన సీ లేదా జీ వస్తాయి. లాగ్‌లో ఈ వరుస కనిపిస్తే డీకోడ్ చేయకముందే 'ఓహో, తెలుగు' అనుకోవచ్చు. మధ్యలో ఒక్క స్పేస్ పడితే మాత్రం ఈ మూడేసి బైట్ల వరుస పక్కకు జరిగిపోతుంది, అప్పుడీ కిటుకు పనిచేయదు.

డీకోడ్ చేశాక పిచ్చి గుర్తులు వస్తే కంగారొద్దు. చాలాసార్లు బైట్లు బాగానే ఉంటాయి, వాటిని యూటీఎఫ్-8గా చదవకపోవడమే సమస్య. అన్నీ ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిపోతే మాత్రం ఆ అక్షరాలు పోయినట్టే.

అపోహ: ఎండీ5ని కూడా డీకోడ్ చేయొచ్చు.

వాస్తవం: అది హ్యాష్, అంటే డేటా నుంచి తీసిన వేలిముద్ర లాంటి విలువ; దాన్నుంచి అసలు డేటా వెనక్కి రాదు. 'డీకోడ్ చేస్తాం' అనే సైట్లు ముందే లెక్కగట్టి పెట్టుకున్న పట్టికల్లో వెతుకుతాయి, అంతే.

అపోహ: ఆన్‌లైన్ డీకోడర్లో ఏది పేస్ట్ చేసినా పర్లేదు.

వాస్తవం: కొన్ని బ్రౌజర్‌లోనే పని ముగిస్తాయి, కొన్ని సర్వర్‌కి పంపుతాయి. డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి చూడండి. ప్రొడక్షన్ (నిజమైన యూజర్లు వాడే సిస్టమ్) టోకెన్లకైతే లినక్స్, మ్యాక్‌లలో బేస్64 కమాండ్, విండోస్‌లో సర్ట్‌యుటిల్ ఉన్నాయి. ఇప్పటికే ఎక్కడో పేస్ట్ చేసేసి ఉంటే ఆ టోకెన్‌ని రద్దు చేసి కొత్తది తీసుకోండి.