అనుభవం లేని రౌతుకు గుర్రాన్ని అమ్మాక వచ్చే ఇబ్బందులు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ చుట్టూ మొయినాబాద్, శంకర్‌పల్లి, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్‌లు పెరిగిన కొద్దీ సొంత గుర్రం కావాలనుకునే కుటుంబాలు కూడా పెరిగాయి. వారి దగ్గరకు గుర్రాలు ప్రధానంగా రెండు దారుల్లో చేరుతున్నాయి. మొదటివి పందాల నుంచి విరమించిన థరోబ్రెడ్‌లు. రెండోవి రాజస్థాన్‌లోని పుష్కర్, మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా వంటి సంతల నుంచి వచ్చే మార్వారీ, కాఠియావాడీ గుర్రాలు. గుర్రాలకు శిక్షణ ఇచ్చి అమ్మే వృత్తిలో ఉన్నవాడిగా నేను గమనించిన విషయం ఏమిటంటే, అమ్మకం జరిగిన రోజు కన్నా ఆ తర్వాతి నెల రోజులే గుర్రానికీ, కొన్నవారికీ, అమ్మినవారికీ కష్టమైనవి. ఆ నెలలో వచ్చే ఫిర్యాదుల వెనుక మళ్లీ మళ్లీ కనిపించే కొన్ని అపోహల గురించి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: డబ్బు చేతులు మారగానే అమ్మినవాడి బాధ్యత తీరిపోతుంది.

వాస్తవం: ఈ మాట మా వృత్తిలో చాలామంది నోట వినిపిస్తుంది, కానీ చట్టం కూడా దీన్ని పూర్తిగా సమర్థించదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 17వ సెక్షన్ మోసం అంటే ఏమిటో వివరిస్తూ గుర్రం అమ్మకాన్నే ఉదాహరణగా తీసుకుంది. గుర్రంలో లోపం ఉందని తెలిసి కూడా వేలంలో ఏమీ చెప్పకుండా అమ్మితే అది దానికదే మోసం కాదని ఒక ఉదాహరణ చెబుతుంది. అయితే కొనేవాడు 'నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను' అన్నప్పుడు అమ్మేవాడు మౌనంగా ఉంటే, ఆ మౌనం మాటతో సమానమని మరో ఉదాహరణ చెబుతుంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ఇంకొంచెం ముందుకు వెళ్తుంది. కొనేవాడు తన అవసరం ఏమిటో ముందే చెప్పి, ఆ సరుకు అమ్మడమే వ్యాపారంగా ఉన్నవాడి నైపుణ్యాన్ని నమ్మి కొన్నప్పుడు, ఆ సరుకు ఆ అవసరానికి పనికివస్తుందన్న హామీ ఒప్పందంలో ఇమిడి ఉంటుంది.

కాబట్టి 'మా పన్నెండేళ్ల అమ్మాయి నేర్చుకోవడానికి' అని చెప్పి అడిగిన తండ్రికి, నిన్నమొన్నటి వరకు పందాల్లో పరుగెత్తిన నాలుగేళ్ల గుర్రాన్ని అంటగట్టి 'చూసుకునే కొన్నారు కదా' అనడం న్యాయం కాదు. అలాంటి తండ్రి గుర్రాన్ని చూడగలడు గాని అంచనా వేయలేడు. అంచనా వేయగలిగింది మనమే, ఆయన డబ్బిచ్చింది గుర్రానికే కాదు, ఆ అంచనాకు కూడా. అందువల్ల రౌతు వయసు, బరువు, నేర్చుకున్న కాలం, గుర్రాన్ని ఎక్కడ ఉంచుతారు, రోజూ ఎవరు చూసుకుంటారు అనే వివరాలను అమ్మకానికి ముందే కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టుకోవడం మంచిది. తర్వాత తగాదా వచ్చినప్పుడు ఆ కాగితం ఇద్దరినీ కాపాడుతుంది.

అపోహ: అమ్మిన చోట నెమ్మదిగా ఉన్న గుర్రం ఇంటికి రాగానే ఎదురుతిరిగితే, మందు ఇచ్చి అమ్మారన్నమాటే.

వాస్తవం: మత్తుమందుతో నెమ్మదింపజేసి, నొప్పి మందుతో కుంటిని కప్పిపెట్టి అమ్మేవారు లేరని నేను అనను. దానికి విరుగుడు కొనుగోలు సమయంలోనే ఉంది. అమ్మేవాడికి సంబంధం లేని పశువైద్యుడితో పరీక్ష చేయించి, అదే రోజు రక్త నమూనా తీయించి భద్రపరచాలి. నిజాయితీగల అమ్మకందారు దీనికి అభ్యంతరం చెప్పడు. కానీ నేను చూసిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగానికి కారణం మందు కాదు, మార్పు. మందలో బతికే జంతువును తోడు నుంచి విడదీసి, లారీలో గంటల తరబడి నిలబెట్టి, కొత్త చోట ఒంటరిగా కట్టేస్తాం. అంతకుముందు రోజూ ఉదయం పని చేసిన గుర్రం ఇప్పుడు వారమంతా శాలలోనే ఉండి ఆదివారం ఒక్కరోజు బయటికి వస్తుంది. పైగా ప్రేమతో ఉలవలు, శనగలు, ఓట్స్ దండిగా పెడతారు. పని లేకుండా దాణా పెరిగితే ఆ బలం ఎటో ఒకవైపు బయటపడాలి, అది సాధారణంగా ఎగిరి తన్నడంగానో, అదుపు తప్పిన పరుగుగానో బయటపడుతుంది.

ఇక గుర్రం పాత శిక్షణ సంగతి చూద్దాం, ఎందుకంటే కొత్త రౌతులకు ఎవరూ చెప్పనిది ఇదే. జాకీ సాధారణంగా రికాబులో, అంటే జీనుకు వేలాడే కాలి మెట్టులో, కాలు పెట్టి రేసు గుర్రాన్ని ఎక్కడు. పక్కనున్న వ్యక్తి అతని మోకాలి కింద చెయ్యి వేసి పైకి లేపుతాడు, చాలాసార్లు గుర్రం నడుస్తుండగానే. అలాంటి గుర్రానికి ఒక మనిషి తన బరువంతా ఎడమ రికాబులో వేలాడదీసి మెల్లగా పైకి పాకడం కొత్త అనుభవం, అది ముందుకు కదిలిందంటే మొండితనం కాదు. జాకీ జీను మీద పూర్తిగా కూర్చోడు, రికాబుల మీద లేచి ముందుకు వంగి ఉంటాడు, పగ్గాలను బిగువుగా పట్టుకుంటాడు. ఆ బిగువుకు గుర్రం ఆనుకుని వేగం పెంచడం నేర్చుకుంటుంది. కొత్త రౌతు భయపడినప్పుడు చేసేవి మూడు పనులు: పగ్గాలు లాగి పట్టుకోవడం, ముందుకు వంగడం, మడమలతో పొట్టను గట్టిగా నొక్కి పట్టుకోవడం. పందాల గుర్రానికి ఆ మూడూ కలిస్తే 'పరిగెత్తు' అని అర్థం. అది ఎంత వేగంగా పరుగెత్తితే పైనున్నవాడు అంత గట్టిగా పట్టుకుంటాడు, ఇద్దరూ ఒకరి భయాన్ని ఒకరు పెంచుకుంటూ పోతారు.

ఊరేగింపులకు నాట్యం నేర్పిన మార్వారీ గుర్రం విషయంలో ఫలితం వేరుగా ఉంటుంది. పగ్గాలు బిగించి మడమ తగిలిస్తే ఉన్నచోటే కాళ్లు ఎత్తి ఆడాలని దానికి నేర్పి ఉంటారు. భయపడిన రౌతు తెలియకుండానే ఆ సైగ ఇస్తాడు, గుర్రం ముందు కాళ్లు లేపగానే 'మీదికి వచ్చింది' అని ఫోన్ చేస్తాడు. ఈ రెండు సందర్భాల్లోనూ గుర్రం తాను నేర్చుకున్నదే చేసింది. ఆ శిక్షణ ఏమిటో కొనేవారికి ముందే చెప్పడం, వీలైతే కొత్త సైగలు నేర్పాకే అమ్మడం మన పని.

అపోహ: తల ఎగరేస్తూ మాట వినని గుర్రానికి ఇంకా గట్టి కళ్లెం వేయాలి.

వాస్తవం: ముందు నొప్పి ఉందేమో చూడాలి, కళ్లెం సంగతి తర్వాత. గుర్రం పై దవడ పళ్ల బయటి అంచులు నమిలే కొద్దీ పదునెక్కి బుగ్గలను కోస్తాయి, కింది దవడ పళ్ల లోపలి అంచులు నాలుకను కోస్తాయి. ఏడాదికి ఒక్కసారైనా పశువైద్యుడు వాటిని ఆకురాయితో అరగదీయాలి. ఆ పని జరగని నోట్లో ఏ కళ్లెం పెట్టినా గుర్రం తల ఎగరేస్తుంది. ముళ్లున్న కళ్లెం వేస్తే కొన్నాళ్లు ఆగినట్టే ఉంటుంది, కానీ గుర్రం నోరు శాశ్వతంగా పాడవుతుంది. అటువంటి కళ్లెం ఏ గుర్రానికీ వేయకూడదని నేను ఖచ్చితంగా చెబుతాను.

వీపు విషయం ఇంతకన్నా ముఖ్యం. కొత్త యజమానులు తరచుగా చూడటానికి బాగుందని జీను కొంటారు. అది గుర్రం మూపు మీద ఆనుతోందా, వీపు మీద సమంగా కూర్చుందా అని చూడరు. నేను వెళ్లినప్పుడు మొదట జీను తీయించి, మూపు దగ్గర మొదలుపెట్టి నడుము వరకు వెన్నెముకకు రెండు వైపులా వేళ్లతో నొక్కుతూ పోతాను. నొప్పి ఉన్నచోట చర్మం అదురుతుంది, వీపు కిందికి కుంగుతుంది, చెవులు వెనక్కి వాలుతాయి, కొన్ని గుర్రాలు తల తిప్పి కరవబోతాయి. జీను వేసేటప్పుడే పక్కకు జరిగే, పొట్ట కింది పట్టీ బిగించగానే కాలు ఎత్తే గుర్రం చెప్పేదీ అదే. రౌతు, జీను కలిపి గుర్రం బరువులో ఐదో వంతుకు మించకూడదన్నది సాధారణంగా పాటించే పరిమితి. 375 కిలోల మార్వారీ మీద 90 కిలోల మనిషి 8 కిలోల జీను వేసుకుని కూర్చుంటే ఆ పరిమితి దాటిపోయింది. అక్కడ శిక్షకుడు చేయగలిగింది ఏమీ లేదు, ఆ మనిషికి వేరే గుర్రం కావాలి.

అపోహ: రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది, కాబట్టి మొదట్లోనే భయం చెప్పాలి.

వాస్తవం: సామెత రౌతుకు స్పష్టత ఉండాలని చెబుతుంది, కొరడా గురించి చెప్పదు. కొత్త రౌతు చేతిలో కొరడా ప్రమాదకరం, ఎందుకంటే ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు ఆపాలో అతనికి తెలియదు. గుర్రం తప్పు చేసిన క్షణానికీ దెబ్బకూ మధ్య కొద్దిపాటి వ్యవధి వచ్చినా, గుర్రం ఆ రెండింటినీ కలిపి చూడదు, దెబ్బను మనిషితో కలిపి గుర్తుపెట్టుకుంటుంది. నిజంగానే మూడు కాళ్ల మీద నడుస్తోందంటే గిట్టలో చీము పట్టిందేమో, లాడం మేకు తప్పుగా దిగిందేమో చూసి వైద్యుణ్ణి పిలవాలి.

అపోహ: చిన్న గుర్రాన్ని కొంటే పిల్లలతో పాటు అదీ నేర్చుకుంటుంది.

వాస్తవం: తెలియని ఇద్దరిలో ఎవరు ఎవరికి నేర్పుతారు? నేర్చుకునే బిడ్డకు పదేళ్లు దాటిన, ఎన్నో రకాల రౌతులను మోసిన, శబ్దాలకు అలవాటు పడిన గుర్రం కావాలి. గుర్రం వెన్నెముకలోని ఎదుగుదల భాగాలు గట్టిపడటానికే దాదాపు ఐదారేళ్లు పడుతుంది. పెద్ద వయసు గుర్రానికి ధర తక్కువ ఉండాలన్న ఆలోచనను కొనేవారు మానుకోవాలి, దాని ఓర్పుకే అసలు విలువ.

అపోహ: సమస్య వచ్చిందంటే రోజూ ఎక్కుతూ ఉంటే అదే సర్దుకుంటుంది.

వాస్తవం: ఫిర్యాదు రాగానే నేను చెప్పే మొదటి మాట, నేను వచ్చేదాకా ఎవరూ ఎక్కవద్దని. ఆ తర్వాత వీడియో పంపమంటాను, రోజుకు ఎంత దాణా, ఎన్ని గంటలు బయట తిరుగుతోంది, లాడాలు ఎప్పుడు మార్చారు, జీను పాతదేనా అని అడుగుతాను. గుర్రం తిండిలో ముఖ్యమైనది గడ్డి. శరీర బరువులో కనీసం ఒకటిన్నర నుంచి రెండు శాతం, అంటే 400 కిలోల గుర్రానికి రోజుకు 6 నుంచి 8 కిలోల ఎండుగడ్డి ఉండాలి. దాణాను తగ్గించినా పెంచినా వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా చేయాలి, ఎందుకంటే గుర్రం వాంతి చేసుకోలేదు, తేడా చేస్తే కడుపునొప్పితో ప్రాణం మీదికి వస్తుంది. నీరు రోజుకు 25 నుంచి 50 లీటర్ల దాకా తాగుతుంది, ఎండాకాలంలో తొట్టి ఎప్పుడూ నిండుగా ఉండాలి.

నొప్పి లేదని తేలాక, తిండి సరిచేశాక, నేల మీది పని మొదలవుతుంది. యజమాని తన చేత్తో గుర్రాన్ని నడిపించడం, ఆపడం, వెనక్కి అడుగు వేయించడం, కాళ్లు ఎత్తించి గిట్టలు శుభ్రం చేయడం నేర్చుకోవాలి. అన్నీ సైస్ (గుర్రాన్ని చూసుకునే పనివాడు) మీద వదిలేసిన యజమానికి గుర్రం ఎప్పటికీ అపరిచితమే. ఆ తర్వాత పొడవాటి తాడుతో గుండ్రంగా తిప్పే పని, అనుభవం ఉన్న రౌతు స్వారీ, చివరికి అదే తాడు మీద శిక్షకుడి అదుపులో యజమాని స్వారీ ఉండాలి. హెల్మెట్, మడమ ఉన్న బూట్లు లేకుండా ఎవరినీ ఎక్కనివ్వకూడదు. చెప్పులతో ఎక్కితే పాదం రికాబులో ఇరుక్కుని, కింద పడినప్పుడు గుర్రం ఈడ్చుకుపోయే ప్రమాదం ఉంది. గుర్రం పరుగందుకుంటే రెండు పగ్గాలూ కలిపి లాగకుండా, చోటు ఉంటే ఒక పగ్గంతో క్రమంగా పెద్ద వలయంలోకి తిప్పి దాన్ని చిన్నది చేస్తూ రావడం కూడా ఈ పాఠాల్లోనే సాధన చేయించాలి.

అపోహ: గుర్రాన్ని వెనక్కి తీసుకుంటే అమ్మకందారు పరువు పోతుంది.

వాస్తవం: అన్నీ సరిచేశాక కూడా రౌతు గుర్రం దగ్గరకు వెళ్లాలంటేనే భయపడుతుంటే, ఆ జత కుదరలేదని ఒప్పుకోవాలి. మార్పిడి గాని, వాపసు గాని ఎంత త్వరగా జరిగితే అంత మంచిది, ఎందుకంటే ఆలస్యమైన కొద్దీ గుర్రం కొత్త దురలవాట్లు నేర్చుకుంటుంది, ఈలోగా ఎవరైనా పడి ఎముక విరగ్గొట్టుకోవచ్చు. ఎన్ని రోజుల్లోపు వాపసు, గాయమైతే ఖర్చు ఎవరిది, రవాణా ఎవరిది అన్నవి అమ్మకం కాగితంలోనే ఉండాలి. వెనక్కి తెచ్చేటప్పుడు గ్లాండర్స్ పరీక్ష చేయించకుండా మిగతా గుర్రాల మధ్యకు వదలకూడదు. అది మనుషులకూ సోకే వ్యాధి, దానికి టీకా లేదు, హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం నిర్ధారిస్తే ఆ గుర్రాన్ని బతికించుకునే దారి ఉండదు. పరీక్ష ఫలితం వచ్చేదాకా వేరే శాలలో, వేరే తొట్టితో, వేరే మనిషితో ఉంచాలి. ఆ తర్వాత దాన్ని మళ్లీ అమ్మకానికి పెట్టినప్పుడు, ఎవరి దగ్గర నుంచి ఎందుకు తిరిగి వచ్చిందో తర్వాతి కొనుగోలుదారుకు అతను అడగకముందే చెప్పాలి.