సెప్టిక్ ట్యాంకులోకి మనిషి ఎందుకు దిగాలి?

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో చాలా ఇళ్లకు ఇంటి కిందో గేటు ముందో సెప్టిక్ ట్యాంకే దిక్కు. నిండితే ట్యాంకర్‌కు ఫోన్ చేస్తాం, డబ్బులిస్తాం, ఆ మలం ఎక్కడ పారబోస్తారో, అడుగున గట్టిపడ్డ మడ్డిని ఎవరు తీస్తారో మాత్రం అడగం.

అడిగినవాళ్లు ఉన్నారు. చేత్తో మలం ఎత్తే పాకీ పనిని నిషేధిస్తూ 1993లోనే చట్టం వచ్చినా అది కాగితం మీదే ఉండిపోయింది. ఆ పని చేసే కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్, దళిత హక్కుల కార్యకర్త పాల్ దివాకర్ కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ అనే ఉద్యమ సంస్థను నిలబెట్టారు. బాధ తెలిసినవాడికి ప్రభుత్వం లోపలి దారులు తెలిసినవాడు తోడయ్యాడు, అసలు బలం అక్కడే ఉందని నా నమ్మకం. ఆ చట్టాన్ని అమలు చేయించమని 2003లో వాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపితే నేరమని 2013 చట్టం చెప్పింది, చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో కోర్టు తీర్పిచ్చింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది.

పరిహారం సరే, ప్రాణం? లోపలుండే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది, మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసననే పట్టలేదు, కంపు తగ్గింది కదా అని దిగినవాడు కుప్పకూలతాడు, లాగుదామని వెనకే దిగినవాడూ అంతే. ఒకే ట్యాంకులో ఇద్దరు ముగ్గురు పోయారన్న వార్తలు అందుకే వస్తాయి.

మన నగరపాలక సంస్థ 2016లో మల వ్యర్థాల నిర్వహణకు నిబంధనలు తెచ్చింది, దేశంలో ఈ పని ముందుగా చేసిన నగరాల్లో వరంగల్ ఒకటి. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ (ఆస్కీ) నిపుణులు దారి చూపారు, గేట్స్ ఫౌండేషన్ డబ్బు సాయం చేసింది, ట్యాంకర్ల వాళ్లకు లైసెన్సులు, శిక్షణ మొదలయ్యాయి, 2017లో అమ్మవారిపేటలో రోజుకు 15 వేల లీటర్ల శుద్ధి కేంద్రం వచ్చింది. ట్యాంకర్‌కు మూడు నాలుగు వేల లీటర్లు పడతాయనుకుంటే అది నాలుగైదు ట్రిప్పులే, ఇంత ఊరికి ఏ మూలకూ చాలేది కాదు, కానీ దారి పడింది. అదే ఏడాది హైదరాబాద్ జలమండలి దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో కలిసి, ఇరుకు సందుల్లోకి వెళ్లే 70 చిన్న యంత్రాలను మురుగు పనిలోకి దింపింది.

ఇక మిగిలింది ఇంటి యజమానులమే. రెండు మూడేళ్లకోసారి తీయించాల్సిన ట్యాంకును పదేళ్లు వదిలేస్తాం, మడ్డి రాయిలా గట్టిపడుతుంది, పైపు లాగలేదు, అప్పుడు మనిషిని దిగమంటారు. తొందరగా తీయించండి, లైసెన్స్ ఉన్న ట్యాంకర్‌నే పిలవండి, ఎవరైనా లోపలికి దిగబోతే ఆపి ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14420కి ఫోన్ చేయండి.