బాబుని లైట్ కింద పెట్టారా? పసికందుల కామెర్లపై అపోహలు - వాస్తవాలు

పదకొండేళ్ళుగా జిల్లా ఆసుపత్రిలో పసిపిల్లల వార్డులో, మేం ఎస్ఎన్‌సీయూ అంటాం, స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. కామెర్లతో పచ్చబడ్డ నాలుగైదు రోజుల బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఆటో దిగే తల్లుల్ని రోజూ చూస్తాను. డిశ్చార్జ్ అయి రెండు రోజులు కాలేదు, మళ్ళీ అడ్మిషన్ అనేసరికి కత్తివాటుకి నెత్తుటి చుక్క ఉండదు వాళ్ళకి. మూడేళ్ళ కిందట మా రెండోవాడిని తీసుకుని నేనూ అలాగే వచ్చాను. ఐదో రోజు, రక్తంలో బిలిరుబిన్, అంటే కామెర్ల పసుపు పదార్థం, 21, బాగా ఎక్కువ. ఎంతోమంది పిల్లల్ని కామెర్లు తగ్గించే లైట్ కింద పెట్టిన దాన్నే, వాడి కళ్ళకి గంతలు కట్టాల్సి వచ్చేసరికి చేతులు వణికి పక్క సిస్టర్‌కి ఇచ్చేశాను. ఆ మూడు రోజుల్లో మా ఇంట్లో వినపడ్డ మాటలు, వార్డు బయట బెంచీల మీద రోజూ వినపడే మాటలు ఒకటే. అందుకే రాస్తున్నాను.

అపోహ: తల్లి పథ్యం తప్పింది, పప్పు తిన్నది, పసుపు ఎక్కువ తిన్నది, అందుకే బిడ్డ పచ్చబడ్డాడు.

ముందు ఇదే రాస్తున్నాను, ఎందుకంటే దీనివల్ల తల్లి పడే బాధ ఇంకేదానివల్లా పడదు. మీరు తిన్నదానికీ కామెర్లకీ సంబంధం లేదు. పుట్టిన బిడ్డలో ఎర్ర రక్తకణాలు ఎక్కువ ఉంటాయి, త్వరగా విరుగుతాయి, అలా విరిగినప్పుడు వచ్చే పసుపు పదార్థమే బిలిరుబిన్. కడుపులో ఉన్నన్నాళ్ళూ దాన్ని మాయ ద్వారా తల్లి కాలేయం బయటికి పంపేది, పుట్టాక ఆ పని బిడ్డ కాలేయం చేసుకోవాలి, అది ఇంకా పూర్తిగా అలవాటు పడలేదు. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో 60 శాతం మందికి, నెలలు నిండని వాళ్ళలో 80 శాతం మందికి మొదటి వారంలో ఎంతో కొంత పసుపు కనపడుతుంది. తల్లి రక్తం ‘O’ గ్రూపు అయినా, నెగటివ్ గ్రూపు అయినా బిడ్డకి కామెర్లు ఎక్కువయ్యే అవకాశం ఉంది. అది ఎవరి తప్పూ కాదు. పథ్యం పేరుతో బాలింతకి కడుపునిండా తిండి, నీళ్ళు ఇవ్వకపోవడమే అసలు తప్పు, దయచేసి ఆమెకి అన్నం పెట్టండి.

అపోహ: హాస్పిటల్‌లో బాగానే ఉన్నాడు, ఇంటికొచ్చాకే ఏదో అయింది, దిష్టి తగిలింది.

ఈ కామెర్లు మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య ఎక్కువవుతాయి. మనం ఇంటికి వెళ్ళేది రెండో రోజో మూడో రోజో. అంతే సంగతి. పైగా ఇంటికెళ్ళగానే నలుగు పెట్టి నీళ్ళు పోస్తారు, ఆ పసుపు నలుగుదో కామెర్లదో తెలియకుండా పోతుంది, మూసిన గదిలో బల్బు వెలుతురులో అసలే తెలియదు. మొదటి వారం పసుపు రాయకండి. పగటి వెలుతురులో నుదుటి మీద, ఛాతీ మీద వేలితో నొక్కి వదిలి అక్కడ పసుపు కనపడుతుందేమో చూడండి, కళ్ళ తెల్లగుడ్డు, చిగుళ్ళు చూడండి. అరచేతులు, అరికాళ్ళు పచ్చగా ఉంటే ఆ క్షణమే బయలుదేరండి. పుట్టిన 24 గంటల్లోపే పసుపు కనపడినా, బిడ్డ పాలు తాగకుండా మత్తుగా పడుకున్నా అంతే.

అపోహ: పొద్దున్నే లేత ఎండలో పెడితే చాలు.

ఈ మాటలో కొంత నిజం ఉంది కాబట్టే దీన్ని మాన్పించడం కష్టం. 1956లో ఇంగ్లండ్‌లోని రాచ్‌ఫోర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు పసిపిల్లల్ని ఆరుబయట ఎండకి తిప్పేది. ఒక బిడ్డకి ఒళ్ళంతా పసుపు తగ్గి, దుప్పటి అంచు కప్పిన చోట మాత్రం అలాగే ఉండటం చూసి డాక్టర్లకి చూపించింది. అక్కడి నుంచే ఈ లైట్ వైద్యం పుట్టింది, 1958లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. ఒక నర్సు కంటితో చూసి పట్టుకున్న విషయం, తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. కానీ పని చేసేది ఎండలోని వేడి కాదు, నీలి కాంతి. లైట్ మిషన్ ఆ కాంతిని కొలత ప్రకారం, ఒళ్ళంతా పడేట్టు, గంటల తరబడి ఇస్తుంది. ఎండలో అంతసేపు ఉంచితే ఒళ్ళు కమిలిపోతుంది, ఒంట్లో నీరు తగ్గిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో ఎండ చూపిస్తూ రెండు రోజులు పోగొట్టుకుంటారు. బిలిరుబిన్ బాగా పెరిగితే మెదడుకి ఎక్కుతుంది, వినికిడి పోవచ్చు, కాళ్ళూ చేతులూ బిగుసుకుపోవచ్చు, అది మళ్ళీ బాగుకాదు.

పసరు మందు, వాతలు: వద్దు. వాత పెట్టిన పుండుతో వచ్చిన పిల్లల్ని చూశాను, దాని గురించి ఇంతకంటే రాయలేను.

అపోహ: లైట్ వల్ల కళ్ళు పోతాయి, విరేచనాలు పట్టుకుంటాయి, పాలు మాన్పించాలి.

కళ్ళు కాపాడటానికే గంతలు. పాలిచ్చేటప్పుడు తీసేస్తాం, అప్పుడు బిడ్డ కళ్ళు మీరు చూసుకోవచ్చు. విరేచనం పచ్చగా, పలచగా అవుతుంది నిజమే, మా అమ్మ కూడా భయపడిపోయింది, కానీ ఆ రంగే బిలిరుబిన్, బయటికి పోతోందన్నమాట. అందుకే పాలు ఇంకా ఎక్కువ ఇవ్వాలి, రెండు మూడు గంటలకోసారి. మరీ ప్రమాదంగా ఉంటే తప్ప లైట్ ఆపి పాలివ్వచ్చు. గ్లూకోజు నీళ్ళు వద్దు. మొదటిసారి పాలు పిండితే స్టీలు గిన్నె అడుగున ఐదు ఎంఎల్ కూడా రాలేదని ఏడ్చేవాళ్ళుంటారు. ఆ ఐదు ఎంఎల్‌నీ పారబోయకండి, మాకివ్వండి, పాలాడైతో, అంటే ముక్కున్న చిన్న గిన్నెతో, పట్టిస్తాం.

అపోహ: టెస్టులని చెప్పి ఉన్న రక్తమంతా లాగేస్తున్నారు. మూడు కిలోల బిడ్డకి సుమారు 240 ఎంఎల్ రక్తం ఉంటుంది, మేం తీసేది ఒకటి రెండు ఎంఎల్.

డబ్బు టెన్షన్ గురించి కూడా చెప్పాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద జబ్బు చేసిన పసికందులకి వైద్యం, మందులు, పరీక్షలు, రాకపోకల బండి ఉచితం. మొహమాటపడకుండా అడగండి.

ఇక మావాడి సంగతి. లైట్ కింద ఉన్నా అనుకున్నంత త్వరగా తగ్గలేదు. డాక్టర్ గారు ఇంట్లో కలరా ఉండలు వాడతారా అని అడిగారు. పొత్తిళ్ళకని మా అమ్మ ట్రంకు పెట్టెలోంచి తీసిన పాత నేత చీర ముక్కలు, మెత్తగా వెన్నలా ఉండేవి, వాటిలో ఆ వాసన. ఎన్నోసార్లు పీల్చాను, ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. టెస్టు చేస్తే జీ6పీడీ లోపం అని తేలింది, అంటే ఎర్ర రక్తకణాలు విరగకుండా కాపాడే ఒక ఎంజైమ్ తక్కువగా ఉండటం. ఈ లోపం మగపిల్లల్లో ఎక్కువ, అలాంటి బిడ్డకి కలరా ఉండల వాసన తగిలినా రక్తకణాలు విరిగిపోవచ్చు. లోపం ఉందో లేదో టెస్టు చేస్తే తప్ప తెలియదు కాబట్టి ఎవరి పిల్లల బట్టల్లోనూ కలరా ఉండలు వేయకండి. అమ్మ ఆ రాత్రే బట్టలన్నీ తీసి పడేసింది, పాపం చాలా రోజులు మాట్లాడలేదు. ఆమె తప్పు కూడా ఏం లేదని ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను.

లైట్ ఆపాక మర్నాడు ఇంకోసారి రక్తం చూపించుకోవాలి, మళ్ళీ కాస్త పెరగొచ్చు. రెండు వారాలు దాటినా పసుపు పోకపోతే, ముఖ్యంగా విరేచనం సున్నంలా తెల్లగా వస్తే, వెంటనే పిల్లల డాక్టర్‌కి చూపించండి. అది పైత్యనాళం, అంటే కాలేయం నుంచి పైత్యరసాన్ని పేగుకి తీసుకెళ్ళే గొట్టం, మూసుకుపోయిన జబ్బు కావచ్చు, దానికి ఆపరేషన్ బిడ్డ పుట్టిన 60 రోజుల్లోపు చేస్తేనే ఫలితం బాగుంటుంది.

మావాడి ఫైలు మొదటి పేజీలో జీ6పీడీ అని ఎర్ర ఇంకుతో రాసి ఉంటుంది. జలుబుకి వెళ్ళినా సరే, డాక్టర్ ముందు ఆ పేజీయే తెరిచి పెడతాను.