ఆ చీటీ ఎవరు చదవాలి?

పర్లాకిమిడిలో సాయంత్రం ఆరు దాటాక మా అరుగు మీదికి ఎవరో ఒకరు కాగితం పట్టుకుని వస్తారు. కరెంటు బిల్లు, బ్యాంకు నోటీసు, రేషన్ కార్డులో పేరు మార్పు, ఏదో ఒకటి. మా వీధిలో ఇళ్లలో మాట తెలుగు, కాగితాల మీద రాత ఒడియా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు ఊరు అటు చేరింది, ఇళ్లలో భాష మాత్రం అలాగే ఉండిపోయింది. సరిహద్దు దాటితే పాతపట్నం. పిల్లలు బడిలో ఒడియా చదువుకుంటారు గనుక చాలా ఇళ్లలో పెద్దవాళ్లకు కాగితాలు చదివిపెట్టేది వాళ్లే. పిల్లవాడి మీదే కాగితం వచ్చినప్పుడు వస్తుంది చిక్కు.

పోయిన ఏడాది పనసకాయల రోజుల్లో మా వెనక ఇంటావిడ అలాంటి కాగితం తెచ్చింది. భర్త సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేస్తాడు, ఏడాదికోసారి వస్తాడు. కొడుకు తొమ్మిదో తరగతి. "బడి నుంచి పంపారు మాస్టారూ. వాడిని అడిగితే ఫీజు సంగతి అంటున్నాడు. కాస్త చూసి చెప్పండి" అంది.

నాలుగే వాక్యాలు. మీ అబ్బాయి సంచిలో కూరగాయల కత్తి దొరికింది. తోటి విద్యార్థిని పొడుస్తానని రెండు రోజులుగా బెదిరిస్తున్నాడు. ఇంతకుముందు కూడా నోటుపుస్తకంలో రాసి పంపాం, మీరు రాలేదు. రేపు తప్పక రండి.

"ఎవరితోనో గొడవ పడ్డాడటమ్మా, రేపొకసారి రమ్మన్నారు" అన్నాను. కత్తి మాట మింగేశాను. ముప్పై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పినవాడిని, కళ్ల ముందున్న వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు చదవలేకపోయాను. ఆవిడ చీటీ మడిచి కొంగున ముడివేసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. రేపు వాడు ఎవరినైనా పొడిస్తే ఊరంతా అనే మాట నాకు తెలుసు: "ఏం పెంచిందో!" ఆవిడకు తెలియకపోవడంలో నా వాటా ఎంతో ఊరికి తెలియదు.

పిల్లవాడు హింసకు దిగితే తల్లిదండ్రులను బాధ్యులను చేయాలా అన్న ప్రశ్నకు ఈమధ్య అమెరికాలో ఒక కోర్టు గట్టి జవాబే ఇచ్చింది. మిషిగన్ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ అనే ఊళ్లో, 2021 నవంబర్ 30 ఉదయం, 15 ఏళ్ల విద్యార్థి ఒకడు లెక్కల కాగితం మీద తుపాకి బొమ్మ గీసి "ఆలోచనలు ఆగడం లేదు, నాకు సాయం చేయండి" అని రాశాడు. టీచరు చూసింది. బడివాళ్లు తల్లిదండ్రులను పిలిపించి, ఆలస్యం చేయకుండా మానసిక చికిత్స ఇప్పించమన్నారు. వాళ్లు పనికి వెళ్లాలంటూ కొడుకును బడిలోనే వదిలి వెళ్లారు. సంచి ఎవరూ తెరవలేదు. తండ్రి నాలుగు రోజుల ముందు కొన్న తుపాకి అందులోనే ఉంది. రెండు గంటలు తిరగకుండానే వాడు కాల్పులు జరిపాడు, నలుగురు విద్యార్థులు చనిపోయారు. ముందురోజు వాడు ఫోనులో తూటాల కోసం వెతుకుతూ టీచరు కంటపడ్డాడని బడి నుంచి కబురు వస్తే, తల్లి కొడుకుకు పంపిన సందేశం "నాకేమీ కోపం లేదు, దొరక్కుండా ఉండటం నేర్చుకోవాలి" అని. 2024లో వేర్వేరు విచారణల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ దోషులని తేలింది. ఇద్దరికీ 10 నుంచి 15 ఏళ్ల జైలు పడింది. బడిలో కాల్పులు జరిపిన పిల్లవాడి తల్లిదండ్రులను, చంపే ఉద్దేశం లేకపోయినా ప్రాణనష్టానికి కారకులయ్యారంటూ శిక్షించడం అమెరికాలో అదే మొదటిసారి.

దాన్ని "పెంపకం సరిగా లేనందుకు శిక్ష" అని చదివితే పొరపాటు. చెడ్డ పెంపకాన్ని కొలిచే త్రాసు ఏ కోర్టు దగ్గరా లేదు. అక్కడ లెక్కకు వచ్చినవి రెండే: వాళ్ల కళ్ల ముందు ఏముంది, అప్పుడు వాళ్ల చేతిలో ఉన్న తేలిక పని ఏమిటి. తుపాకికి తాళం వేయడం తేలిక. సంచి విప్పి చూడటం తేలిక. వాడిని ఆ పూటకు ఇంటికి తీసుకురావడం ఇంకా తేలిక.

మన దేశంలో ఇంట్లో తుపాకి ఉండటం అరుదు, లైసెన్సు కావాలంటే 21 ఏళ్లు నిండాలి. మన ఇళ్లలో పిల్లల చేతికి అందే ప్రమాదకరమైన వస్తువు బండి తాళంచెవి. అందుకేనేమో, తల్లిదండ్రుల మీద మన చట్టం సూటిగా వేలు చూపించిన చోటు కూడా అదే. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడినో బండి యజమానినో దోషిగా భావిస్తారు. మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. తనకు తెలియకుండా జరిగిందనో, జరగకుండా తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాననో నిరూపించుకుంటే తప్పించుకోవచ్చు. నిరూపించుకోవాల్సిన బరువు మాత్రం పెద్దవాళ్ల మీదే. మిగతా నేరాలకు ఇలాంటి సెక్షన్ లేదు. కొడుకు కత్తి పట్టినంత మాత్రాన తల్లి నేరస్తురాలు కాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం పిల్లల సంరక్షణలో మొదటి బాధ్యత కుటుంబానిదే అంటుంది. మందలించి ఇంటికి పంపేటప్పుడు పిల్లవాడితోపాటు తల్లిదండ్రులకూ కౌన్సెలింగ్ ఇవ్వమంటుంది, అవసరమైతే జరిమానా వాళ్లచేత కట్టించవచ్చంటుంది. పిల్లవాడి పేరు, బడి, ఊరు బయటపెట్టకూడదంటుంది. (ఆ చివరి మాట మా వీధికి ఎవరైనా చెప్పాలి.)

చట్టం ఇలా "తెలుసా, తెలియదా" అని అడుగుతుంది. తల్లిదండ్రులకు అసలు ఎలా తెలుస్తుందన్నది శాస్త్రం అడిగే ప్రశ్న. దీనికి 2000లో స్వీడన్‌లో హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇచ్చిన సమాధానం నాకు చాలా నచ్చింది. అప్పటిదాకా పరిశోధనలు, కొడుకు ఎక్కడున్నాడో ఎవరితో ఉన్నాడో తెలిసిన తల్లిదండ్రుల పిల్లలు తక్కువగా చెడు దారి పడతారని చెప్పేవి. దాన్నిబట్టి "నిఘా పెంచండి" అన్న సలహా పుట్టింది. వీళ్లిద్దరూ పద్నాలుగేళ్ల పిల్లలు 703 మందిని, వాళ్ల తల్లిదండ్రులను విచారించి, ఆ తెలియడం ఏ దారిన వచ్చిందో విడదీసి చూశారు. ఆరా తీయడం వల్లా, కట్టడి చేయడం వల్లా తెలిసింది కొంచెమే. ఎక్కువ భాగం పిల్లలు తమంతట తాము చెప్పినందువల్ల తెలిసింది. ఇంటికి వచ్చి అన్నం తింటూ "ఈరోజు ఇలా జరిగిందమ్మా" అనే పిల్లవాడి తల్లికే అన్నీ తెలుస్తాయన్నమాట.

అలా చెప్పే అలవాటు పోవడం ఒక్కరోజులో జరగదు. జెరాల్డ్ ప్యాటర్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త తన బృందంతో ఇళ్లలోకి వెళ్లి, గొడవలు నిమిషం నిమిషం గమనించి రాసుకున్నాడు. ఆయన చూసిన వరుస మన ఇళ్లలోనూ రోజూ కనిపిస్తుంది. తల్లి ఫోను పక్కన పెట్టమంటుంది. పిల్లవాడు వినడు. తల్లి గొంతు పెంచుతుంది. వాడు ఇంకా పెంచి, కంచం తోసేస్తాడు. "సరే, నీ ఖర్మ" అని తల్లి వంటింట్లోకి వెళ్లిపోతుంది. అరుపులు ఆగాయి, ఇద్దరికీ హాయి. అరిస్తే పని జరుగుతుందని వాడు నేర్చుకున్నాడు, తగ్గితే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని తల్లి నేర్చుకుంది. ఎవరూ ఎవరికీ పాఠం చెప్పలేదు, ఇద్దరికీ వచ్చేసింది. రేపటి గొడవ ఈరోజు ఆగిన మెట్టు మీద మొదలవుతుంది. ఇందులో తల్లి తప్పు ఏ నిమిషాన ఉందో వేలు పెట్టి చూపించండి చూద్దాం. తగ్గిన ప్రతిసారీ ఆవిడకు ఒక కారణం ఉంది: పొద్దున నాలుగింటికి లేవాలి, అత్తగారికి ఒంట్లో బాగాలేదు, గోడ అవతల వాళ్లు వింటున్నారు, మొగుడు పన్నెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో మగ్గం ముందు ఉన్నాడు.

ఈ వయసు మెదడు సంగతి కూడా కొంత చెప్పాలి. పదమూడు, పద్నాలుగేళ్ల వాడికి తప్పు ఒప్పు తెలియదనడం అబద్ధం. ఒంటరిగా కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగితే ఆలోచించే చెబుతాడు. నలుగురు చూస్తున్నప్పుడే లెక్క మారిపోతుంది. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 306 మందిని మూడు వయసుల గుంపులుగా చేసి కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడించారు. పచ్చ దీపం పసుపు కాగానే ఆగాలా, ఇంకొంచెం పోవాలా అన్నదే ఆట. 24 దాటినవాళ్లు ఒంటరిగా ఆడినా స్నేహితుల ముందు ఆడినా దాదాపు ఒకేలా ఆడారు. 13 నుంచి 16 ఏళ్ల వాళ్లు స్నేహితులు చూస్తుంటే చాలా ఎక్కువ తెగించారు. తర్వాత మెదడు స్కానింగ్‌తో చేసిన ప్రయోగాల్లో, తోటివాళ్లు చూస్తున్నారని తెలిస్తే చాలు, బహుమతి దొరికినప్పుడు ఉత్సాహపడే మెదడు భాగాలు పిల్లల్లో మరింత చురుగ్గా స్పందించడం కనిపించింది. పగ్గం వేయాల్సిన ముందు భాగం ఇరవై దాటాక గానీ పూర్తిగా పక్వానికి రాదు. సంచిలో కత్తి పెట్టుకున్నవాడు దాన్ని వాడాలని కాక, చూపించాలనే పెట్టుకుని ఉండవచ్చు. చూపించాక, నలుగురి ముందు వెనక్కి తగ్గడమే కష్టమవుతుంది.

"మొక్కై వంగనిది మానై వంగునా" అని మనవాళ్లు తేల్చేస్తారు. ఈ సామెత దగ్గర నాకు పేచీ ఉంది. 1972-73లో న్యూజీలాండ్‌లోని డునెడిన్ నగరంలో పుట్టిన 1,037 మంది పిల్లలను శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా అనుసరిస్తున్నారు. ఆ పరిశోధనలో పనిచేసిన టెర్రీ మాఫిట్ 1993లో ఒక వివరణ ఇచ్చింది. చిన్నప్పటి నుంచీ మొదలై పెద్దయ్యాకా సాగే దుడుకుతనం కొద్దిమందిది. యవ్వనంలో మొదలై యవ్వనంతోనే పోయేది చాలామందిది. అంటే మానయ్యాక వంగేవాళ్లే ఎక్కువ. పద్నాలుగేళ్లవాడి మీద "హంతకుడు" అని ముద్ర వేస్తే, తనంతట తాను మారిపోయేవాడిని కూడా ఆ ముద్ర దగ్గర కట్టేసినట్టవుతుంది.

అయితే ముందుగా తెలుసుకోవడం అసాధ్యమేమీ కాదు. అమెరికాలో 1974 నుంచి 2000 వరకు బడుల్లో జరిగిన 37 దాడులను అక్కడి సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చాయి. నూటికి 81 సంఘటనల్లో, దాడి ఆలోచన కనీసం మరొకరికి ముందే తెలుసు. తెలిసినవాళ్లు ఎక్కువగా స్నేహితులు, తోటి విద్యార్థులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. దాడి చేసిన పిల్లల్లో మూడింట రెండు వంతుల మంది తుపాకి తెచ్చుకున్నది సొంతింటి నుంచో చుట్టాల ఇంటి నుంచో. ఆలోచన తోటివాళ్లకు తెలుస్తుంది, ఆయుధం పెద్దవాళ్ల అల్మరాలో ఉంటుంది. ఈ రెంటి మధ్య మాట నడిచే దారి లేనప్పుడే ప్రమాదం.

అందుకే శిక్ష విషయంలో నా మాట ఇది: కళ్లతో చూసి, చేతిలో ఉన్న తేలిక పని చేయని తల్లిదండ్రులను శిక్షించండి. జరిగాక దాచినవాళ్లనైతే మరింత గట్టిగా శిక్షించండి. 2024 మే 19న పుణెలో 17 ఏళ్ల వాడు ఖరీదైన కారు నడిపి ఇద్దరు ఇంజినీర్ల చావుకు కారణమైన కేసులో, రక్త నమూనా మార్పించారన్న ఆరోపణపై తల్లీ తండ్రీ కూడా అరెస్టయ్యారు. ఆ ఆరోపణ నిజమని తేలితే అందులో పెంపకం గురించి చర్చించాల్సింది ఏమీ ఉండదు. కానీ కొడుకు దారి తప్పాడన్న ఒక్క కారణంతో తల్లులందరినీ బోనులో నిలబెడితే, ఇంకో తల్లి "మా వాడి సంచిలో కత్తి ఉంది, ఏం చేయను" అని ఎవరి దగ్గరికీ వెళ్లదు. 14416కు ఫోను చేస్తే రాత్రీ పగలూ మానసిక ఆరోగ్య సలహా ఉచితంగా దొరుకుతుంది, మన భాషల్లోనే మాట్లాడవచ్చు. ఆ నంబరు నొక్కాలన్నా ముందు భయం తగ్గాలి.

నా సంగతికి వస్తాను. తొమ్మిది దాటాక టార్చి వేసుకుని వెళ్లి కత్తి మాట చెప్పాను. ఆవిడ ఏడవలేదు. వంటింట్లోకి వెళ్లి వచ్చింది. "చిన్న కత్తి నాలుగు రోజులుగా కనబడటం లేదు మాస్టారూ. పనసకాయ కోసినప్పుడు తొక్కలతో పారేశానేమో అనుకున్నాను" అంది. నోటుపుస్తకం తెప్పించి చూస్తే పాత చీటీ కూడా అందులోనే ఉంది. కింద ఆవిడ సంతకం ఉంది. హోంవర్కు కాబోలని పెట్టేసిందట.

మర్నాడు ముగ్గురం బడికి వెళ్లాం. తరగతిలో నలుగురు పిల్లలు వాళ్ల నాన్న గురించి, సూరత్‌లో ఇంకో సంసారం ఉందని, రోజూ ఏదో ఒకటి అంటున్నారట. రెండు నెలలుగా. ఇంట్లో ఆ మాట ఎలా చెబుతాడు? ఆవిడ ఆ పూట కొడుకును బడిలో వదలలేదు, వెంటబెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. మళ్లీ తీసుకువెళ్లిన రోజున బడికి ఒక చీటీ రాసిపెట్టమని నన్ను అడిగింది: ఇకమీదట మా వాడి సంగతి ఏదైనా ఉంటే తెలుగులో రాయండి, లేదా నాకు ఫోను చేయండి. ఒడియాలో రాసిచ్చాను. దాన్ని కొడుకు చేతికి ఇచ్చి చదవమంది. వాడు ఒడియాలో చదివాడు. "నాకు అర్థమయ్యేలా చదువు" అంది. వాడు నావైపు ఒకసారి చూసి, మాట మాటకూ ఆగుతూ తెలుగులో చెప్పాడు. ఆవిడ పూర్తిగా విని, ఏదీ పోలేదని రూఢి చేసుకున్నాక, కింద తెలుగు అక్షరాల్లో పేరు రాసింది.